చలేస్తే చెప్పండి



కడప జిల్లాలో కూర్చుని చలి గురించి మాట్లాడతానంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి, తప్పులేదు. మే నెల మధ్యాహ్నం గండికోటలో చెప్పుల్లేకుండా రాతి మీద కాలు పెట్టలేం. కింద పెన్నా లోయలోంచి వచ్చే గాలి కూడా సెగే. జమ్మలమడుగు, ముద్దనూరు, కొండాపురం, ఎటు పోయినా 43, 44 డిగ్రీలు. అట్లాంటి చోట బతికే మనకు చల్లదనం అంటేనే సుఖం. వేపచెట్టు నీడ సుఖం. కుండలో నీళ్లు సుఖం. ఎవరైనా ఏసీ గదిలో కూర్చోబెడితే అంతకు మించిన మర్యాద లేదనుకుంటాం.

కానీ మన జిల్లాలోనే, నడివేసవిలో కూడా, మనిషికి పళ్లు టకటక కొట్టుకునే గది ఒకటుంది. చిన్నదో పెద్దదో, చాలా ఆసుపత్రుల్లో ఉంటుంది. అదే ఆపరేషన్ థియేటర్. ఈ పూట ఆ గదిలోకి వెళ్లే మనిషి ఒంటి వెచ్చదనం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. మధ్యలో మళ్లీ మళ్లీ చెప్తాను, విసుక్కోకండి. ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు చలేస్తే చెప్పండి. మొహమాటం లేకుండా, నోరు తెరిచి చెప్పండి.

గండికోటలో ఒక అవ్వ ఉందనుకుందాం. డెబ్బై ఏళ్లు పైబడినాయి. సన్నటి మనిషి. గడప తట్టుకుని పడింది, తుంటి ఎముక విరిగింది. 108 వచ్చింది. పదిహేను కిలోమీటర్ల అవతల జమ్మలమడుగు. అక్కడ చూసి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. ఆ పెద్దాసుపత్రి ప్రొద్దుటూరుదో, కడపదో, కర్నూలుదో మనకు అక్కర్లేదు. సర్కారుదో, ప్రైవేటుదో కూడా అక్కర్లేదు. ఎక్కడైనా జరగగల కథే ఇది. వెంట కొడుకు, కోడలు ఉన్నారు. వాళ్ల సంచిలో ఏముంది? రెండు చీరలు, తట్ట, గ్లాసు, ఫ్లాస్కు, ఆరోగ్యశ్రీ కార్డు, ఎక్స్‌రే కవరు. దుప్పటి లేదు. నడివేసవిలో దుప్పటి మోసుకొచ్చేదెవరు?

ఆపరేషన్ రోజు తెల్లవారుజామున అవ్వ ఒళ్లు తడిగుడ్డతో తుడిచారు. మంచిదే. కోత పెట్టే ముందు ఒళ్లు శుభ్రంగా ఉండాలి. కాకపోతే చన్నీళ్లతో తుడిచారు. కట్టుకున్న చీర తీసేసి, వెనక తాళ్లు కట్టే పల్చటి పచ్చగౌను తొడిగారు. రాత్రి నుంచి కడుపులో మెతుకు లేదు. థియేటర్ బయట వరండాలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ముందున్న కేసు ఆలస్యమైంది. నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. మామూలుగా చలేస్తే ఎవరైనా మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంటారు. అవ్వకు ఆ వీలు కూడా లేదు, తుంటి విరిగింది కదా. పెదాలు వణుకుతున్నాయి.

కోడలు చూసింది. "ఏమత్తా, సలిగా ఉండాదా?"

"ఏం లేదులేమ్మా, ఓర్సుకుంటా. వాళ్ల పనికి మనం అడ్డం పడేదేల?"

ఈ ఓర్చుకుంటా అన్న మాట దగ్గరే నా పేచీ. మన సీమ మనిషి ఓర్చుకోవడంలో గట్టివాడు. వాన రాకుంటే ఓర్చుకుంటాడు. వేరుశనగ ఎండిపోతే ఓర్చుకుంటాడు. రిజర్వాయరు నీళ్లకింద సొంత ఊరు మునిగితే, మూటాముల్లె సర్దుకుని మరో చోట గోడలు లేపుకుంటాడు. ఆ ఓర్పుకు నేను దండం పెడతాను. కానీ స్ట్రెచర్ మీద ఆ ఓర్పు పనికిరాదు. అక్కడ అవ్వ ఓర్చుకునేది అసౌకర్యం ఒక్కటే కాదు, ఒంట్లో వేడి కరిగిపోతుంటే దాన్నీ ఓర్చుకుంటోంది. దానికి మూల్యం తర్వాత చెల్లించాల్సి వస్తుంది. అదెలాగో చెప్తాను.

మన ఒంటి వేడి ఎంత? థర్మామీటరు పెట్టిన ప్రతి తల్లికీ తెలుసు, 98.6 ఫారెన్‌హీట్. డాక్టర్ల లెక్కలో 37 డిగ్రీల సెల్సియస్. జ్వరం నూటొకటి దాటితే ఇంటిల్లిపాదీ కంగారు పడతాం. మరి కిందికి దిగితే? 96.8, అంటే 36 సెల్సియస్, అంతకంటే తగ్గితే మత్తు డాక్టర్లు ఒళ్లు చల్లబడిపోయిందని లెక్క వేస్తారు. చూడండి ఎంత వింతో. రెండు డిగ్రీలు పైకి పోతే ఆటో కట్టించుకుని డాక్టరు దగ్గరికి పోతాం. అవే రెండు డిగ్రీలు కిందికి దిగితే, ఒక దుప్పటి ఇమ్మని సిస్టర్‌ను అడగడానికి సిగ్గుపడతాం.

ఇంతకీ వేడి ఎందుకు దిగుతుంది? అందరూ ఏసీని తిడతారు. ఏసీ పాత్ర ఉంది, కాదనను. కానీ మొదటి దెబ్బ ఏసీది కాదు, మత్తుమందుది.

గండికోట చూసినవాళ్లకు కోట లోపల పెద్ద ధాన్యాగారం గుర్తుండే ఉంటుంది. రాతి గోడలు, పైన కప్పు, లోపల చల్లటి చీకటి. పాత రోజుల్లో శత్రువు వస్తున్నాడంటే కోట ఏం చేస్తుంది? ద్వారాలు మూస్తుంది. ఉన్న గింజలు లోపల దాచుకుంటుంది. మన ఒళ్లూ అదే పని చేస్తుంది. చలి తగలగానే చేతుల్లో, కాళ్లలో, చర్మంలో ఉన్న రక్తనాళాలు బిగుసుకుంటాయి. వేళ్లు చల్లబడతాయి, పోనీ. గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడు మాత్రం వెచ్చగా ఉంటాయి. వేడి అంతా లోపలే దాగి ఉంటుంది.

ఇప్పుడు మత్తు ఇచ్చారు. ద్వారం దగ్గర కాపలావాడు నిద్రపోయాడు. తలుపులు తెరుచుకున్నాయి. లోపల దాచుకున్న వేడి ఒక్కసారిగా కాళ్లలోకీ చేతుల్లోకీ పారిపోయింది. అక్కడి నుంచి చర్మం దాటి బయటికి పోతుంది. మొదటి గంటలోనే లోపలి వేడి ఒక డిగ్రీ సెల్సియస్, ఒక్కోసారి ఒకటిన్నర డిగ్రీ పడిపోవచ్చు. మనిషి వణికి వేడి పుట్టించుకుందామన్నా కుదరదు. పూర్తి మత్తులో ఒళ్లు వణకదు.

దీని మీద ఇంకొన్ని తోడవుతాయి. చర్మానికి పూసే మందు ఆరిపోతూ వేడిని లాక్కుపోతుంది. పొట్ట కోస్తే లోపలి పేగులకు చల్లగాలి తగులుతుంది. చేతికి ఎక్కించే సెలైన్ సీసా థియేటర్ గదంత చల్లగా ఉంటుంది. అది నేరుగా రక్తంలోకే పోతుంది మరి.

నడుముకు సూది వేసి, కింది సగానికి మాత్రమే మత్తు ఇస్తారు చూడండి, సిజేరియన్లకు, తుంటి ఆపరేషన్లకు. మెలకువగానే ఉంటాం కదా, చలేస్తే తెలుస్తుంది కదా అనుకుంటారు చాలామంది. ఇక్కడొక మెలిక ఉంది. కాళ్లలోకి వెచ్చటి రక్తం దిగడం వల్ల ఒళ్లు హాయిగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. లోపల చల్లబడుతున్నా పైకి తెలియకపోవచ్చు. అందుకే చలేస్తే చెప్పమని మిమ్మల్ని అడిగే నేనే, చలి వెయ్యలేదంటే సరిపోదు, థర్మామీటరు పెట్టి చూడాలని డాక్టర్లను అడుగుతాను.

మత్తు గురించిన చర్చ మన తెలుగు నేలకు కొత్త కాదు. 1888లోనూ 1889లోనూ హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. నిజాం ప్రభుత్వం డబ్బిచ్చింది, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. క్లోరోఫాం ఎక్కువైతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్నది వాళ్ల తగాదా. ఆ పనిలో పాలుపంచుకున్న రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకుంటారు. ప్రాణం పోకుండా నిద్రపుచ్చడం ఎట్లా అన్నదే అప్పటి ప్రశ్న. ఇప్పుడు ఆ ప్రశ్న చాలావరకు తీరింది. నిద్రపుచ్చిన మనిషిని వెచ్చగా ఎట్లా ఉంచాలన్నంత చిన్న విషయం మీద కూడా మనసు పెట్టగలుగుతున్నాం.

చిన్న విషయమా అని మీరు అడగాలి. అడిగారనుకుని చెప్తాను.

ఆస్ట్రియా దేశంలో డాక్టర్లు చేసిన ఒక పరీక్ష ఫలితాలు 1996లో వచ్చాయి. పెద్దపేగు ఆపరేషన్ చేయించుకునే రెండు వందల మందిని తీసుకున్నారు. సగం మందిని ఆపరేషన్ అంతసేపూ వెచ్చగా ఉంచారు. మిగతా సగం మందికి ప్రత్యేకంగా వెచ్చదనం ఇవ్వలేదు, మామూలుగా చల్లబడనిచ్చారు. వెచ్చగా ఉన్నవాళ్లలో నూటికి ఆరుగురికి గాయం చీము పట్టింది. చల్లబడినవాళ్లలో నూటికి పంతొమ్మిది మందికి పట్టింది. ఆరెక్కడ, పంతొమ్మిదెక్కడ! మూడింతలు. పైగా చల్లబడినవాళ్లు ఆసుపత్రిలో ఇంకొన్ని రోజులు ఎక్కువ ఉండాల్సి వచ్చింది. మందు మారలేదు, పద్ధతి మారలేదు. ఒంటి వేడి మారింది, అంతే.

ఎందుకట్లా? గాయం దగ్గరికి రక్తం రావాలి. రక్తంతో పాటు ప్రాణవాయువు రావాలి. తెల్లకణాలు క్రిములను చంపేది ఆ ప్రాణవాయువుతోనే. చలికి రక్తనాళాలు బిగుసుకుంటే గాయానికి రావలసింది రాదు. క్రిములకు సందు దొరుకుతుంది. రక్తం గడ్డకట్టడం కూడా మందగిస్తుంది, అందుకని రక్తం ఎక్కువ పోవచ్చు. మత్తుమందు ఒంట్లోంచి తొందరగా దిగదు, మెలకువ ఆలస్యమవుతుంది. ఇక మెలకువ వచ్చాక ఆ గడగడ వణుకు. వణికే ఒళ్లు మామూలుకంటే ఎంతో ఎక్కువ ప్రాణవాయువు అడుగుతుంది. గుండె బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు అది భారం.

నిజం పూర్తిగా చెప్పాలి కాబట్టి ఇంకో మాట. ఐదు వేల మందికి పైగా రోగుల మీద, చాలావరకు చైనాలో, జరిగిన మరో పెద్ద పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఒంటి వేడిని 37 దగ్గర ఉంచినా, 35.5 దగ్గర ఉంచినా పెద్ద తేడా కనిపించలేదు. అంటే అర డిగ్రీ తగ్గిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. బాగా చల్లబడకుండా చూసుకుంటే చాలు. ఒకరు చెప్పారని బెదిరిపోవడం, ఇంకొకరు చెప్పారని పూర్తిగా వదిలేయడం, రెండూ మనకొద్దు. వెచ్చగా ఉంచడం మానెయ్యమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ సమయంలో రోగిని వెచ్చగా ఉంచే పరికరాలు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. బ్రిటన్ వాళ్లు 2008లోనే నియమాలు రాసుకున్నారు. రోగి ఒంటి వేడి 36 ఉంటేనే థియేటర్‌కు తీసుకెళ్లాలి, తగ్గితే ముందు వెచ్చబరచాలి అన్నారు. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఆసుపత్రి మీ ఇంటికంటే చల్లగా ఉండొచ్చు, వెచ్చటి బట్టలు తెచ్చుకోండి అని రోగికి ముందే చెప్పాలని కూడా రాశారు. ఇంగ్లాండులో పుట్టి పెరిగినవాడికే ఆ మాట చెప్పాలని వాళ్లకు తోచింది. గండికోట మనిషికి ఇంకెంత చెప్పాలి!

అందుకని చెప్తున్నాను. ఎండాకాలమైనా సరే, ఆపరేషన్‌కు వెళ్లేవాళ్ల సంచిలో ఒక దుప్పటి పెట్టండి. ఒక జత మేజోళ్లు పెట్టండి. తలకు ఒక మఫ్లరో, మెత్తటి తువ్వాలో పెట్టండి. సులువుగా తొడిగే చెప్పులు మరిచిపోకండి, ఆసుపత్రి నాపరాయి గచ్చు తెల్లవారుజామున చల్లగా ఉంటుంది.

ఏ దుప్పటి అంటారా? మన కురుబవాళ్లు నేసే గొంగడి చలికి మొనగాడే. చేలో గొర్రెల మంద దగ్గర రాత్రంతా కాపలా ఉండే మనిషికి అంతకంటే మంచిది లేదు. కానీ అది గుచ్చుకుంటుంది, నూగు రాలుతుంది. గాయం ఉన్న మంచం మీదికి వద్దు. ఉతికి ఎండలో ఆరేసిన నూలు దుప్పటి చాలు. అవ్వలు పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే ఇంకా మేలు, అదీ ఉతికిందై ఉండాలి. ఒంటి మీద ఒక్క పొర దుప్పటి కప్పినా చర్మం నుంచి పోయే వేడిలో దాదాపు మూడోవంతు ఆగుతుంది. ఒక్క పొర! పైన ఇంకా నాలుగు పొరలు వేస్తే అంత లాభం ఉండదు. కాబట్టి ఇంట్లో ఉన్న పరుపులన్నీ మోసుకురానక్కర్లేదు.

అన్నిటికంటే విలువైన సమయం ఏది? ఆపరేషన్‌కు ముందు అరగంట. దీన్ని చాలామంది పట్టించుకోరు. థియేటర్‌కు వెళ్లేలోపు కాళ్లూ చేతులూ వెచ్చగా ఉంటే, మత్తు ఎక్కాక లోపలి వేడి అటు పరుగెత్తాల్సిన పని తగ్గుతుంది. కాబట్టి స్నానం చేయిస్తుంటే గోరువెచ్చటి నీళ్లు అడగండి. తల తడిస్తే పూర్తిగా ఆరబెట్టండి. తడి జుట్టుతో స్ట్రెచర్ ఎక్కవద్దు. వరండాలో పడుకోబెడితే పాదాల దాకా దుప్పటి కప్పండి, నెత్తిన ఉన్న ఫ్యాను ఆపమనండి. ఎండాకాలంలో ఫ్యాను ఆపమంటే పక్కనున్నవాళ్లు గొణుగుతారు. గొణగనివ్వండి. వీలుంటే స్ట్రెచర్‌ను ఫ్యాను కింద నుంచి పక్కకు జరపండి, గొడవ తీరిపోతుంది. మీ దుప్పటి థియేటర్ తలుపు దాకానే. లోపలికి తీసుకోరు. అక్కడ వాళ్ల దుప్పట్లు వాళ్లకుంటాయి.

కొన్ని ఆసుపత్రుల్లో గాలి దుప్పటి అని ఒకటి ఉంటుంది. పల్చటి కాగితంలాంటి సంచి. దానికి గొట్టం తగిలించి వెచ్చటి గాలి ఊదుతారు. దుప్పటి ఉబ్బి, సన్నటి రంధ్రాల్లోంచి వెచ్చటి గాలి ఒంటికి తగులుతుంది. సెలైన్‌ను వెచ్చచేసి ఎక్కించే యంత్రాలు కూడా ఉన్నాయి. మీ ఆసుపత్రిలో ఉన్నాయో లేవో అడగడం మీ హక్కు. మత్తు డాక్టరు ఆపరేషన్‌కు ముందు మిమ్మల్ని చూడడానికి వస్తారు కదా. బీపీ ఎంత, షుగరు ఉందా, పళ్లు కదులుతున్నాయా అని అడుగుతారు. అప్పుడు మీరూ ఒక మాట అడగండి. "సార్, లోపల నన్ను వెచ్చగా ఉంచుతారు కదా?" అంతే. ఆ ఒక్క ప్రశ్నతో ఆయన మనసులో మీ పేరు పక్కన ఒక గుర్తు పడుతుంది.

మళ్లీ అదే మాట. చలేస్తే చెప్పండి. వరండాలో ఉన్నా చెప్పండి, బల్ల మీద ఉన్నా చెప్పండి, వార్డుకు తిరిగొచ్చాక కూడా చెప్పండి. ముసలివాళ్లు, బక్కచిక్కినవాళ్లు, రక్తం తక్కువగా ఉన్నవాళ్లు, చంటిపిల్లలు, వీళ్లు త్వరగా చల్లబడతారు. చంటిపిల్ల చెప్పలేదు. అవ్వ చెప్పదు. వాళ్ల తరఫున మీరు చెప్పండి.

ఇప్పుడొక హెచ్చరిక. దీన్ని జాగ్రత్తగా వినండి. పక్కన ఎవరైనా మాట్లాడుతుంటే ఒక్క నిమిషం ఆపమనండి.

ఆపరేషన్ అయిన మనిషి కాళ్ల దగ్గర వేడినీళ్ల సంచి పెట్టకండి. వేడినీళ్ల సీసా పెట్టకండి. కాల్చిన ఇటుక గుడ్డలో చుట్టి పెట్టకండి. ఉప్పు మూటతో కాపడం పెట్టకండి. ప్రేమతోనే పెడతారు, తెలుసు. కోడలు చూస్తుంది, అత్త పాదాలు మంచులా ఉన్నాయి. క్యాంటీన్‌కు పరుగెత్తి, సీసాలో మరిగే నీళ్లు పోయించుకొచ్చి, పాదాల మధ్య పెట్టి దుప్పటి కప్పుతుంది. కానీ నడుముకు మత్తు ఇచ్చిన కాళ్లకు స్పర్శ ఉండదు. కాలుతున్నా తెలియదు. కాలు పక్కకు లాక్కునే శక్తి కూడా ఉండదు. గంట తర్వాత దుప్పటి తీస్తే పాదం మీద బొబ్బలు. తుంటి ఆపరేషన్ కోసం వచ్చిన మనిషికి కాలిన గాయం కొత్తగా తగులుకుంటుంది. షుగరు ఉన్నవాళ్లకు మత్తు లేకపోయినా పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. వాళ్లకు ఆ గాయం మానడం ఇంకా కష్టం.

మళ్లీ చెప్తున్నాను. మత్తు ఉన్న కాళ్ల దగ్గర వేడి వస్తువు ఏదీ వద్దు. దుప్పటి వేయండి, మేజోళ్లు తొడగండి, సిస్టర్‌ను పిలవండి. అంతవరకే. కుంపటి, బొగ్గులు, సాంబ్రాణి పొగ అసలే వద్దు. వార్డులో ఆక్సిజన్ ఉంటుంది. నిప్పుకూ దానికీ పొత్తు కలిస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

సరే, అవ్వ ఆపరేషన్ అయింది. వార్డులోకి తెచ్చారు. దవడలు కొట్టుకుంటున్నాయి, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, మంచం ఊగుతోంది. కొడుకు బెదిరిపోయాడు. "మాయమ్మకు ఫిట్స్ వచ్చినాయి" అని అరిచాడు. ఫిట్స్ కాదు. మత్తు దిగుతున్నప్పుడు ఇట్లా వణకడం చాలామందిలో చూస్తాం. కాపలావాడు నిద్రలేచి, పోయిన వేడినంతా ఒక్కసారిగా తిరిగి సంపాదించాలని ఆరాటపడుతున్నాడన్నమాట. కుట్లు పడిన చోట ఆ కుదుపుకు నొప్పి పెరుగుతుంది. సిస్టర్‌కు చెప్తే వెచ్చటి దుప్పటి వేస్తారు, అవసరమైతే వణుకు తగ్గే మందు ఇస్తారు. కాసేపటికి సర్దుకుంటుంది. మీరు చెయ్యాల్సింది తలకు గుడ్డ చుట్టి, భుజాలు మూసేలా కప్పి, ఫ్యాను ఆపి, పక్కన ఉండడం. చెయ్యి పట్టుకోండి. దానికి డాక్టరు చీటీ అక్కర్లేదు.

ఒళ్లు వెచ్చబడితే సగం సుఖం వచ్చినట్టే. మిగతా సగం చిన్న చిన్న సంగతుల్లో ఉంటుంది. గొంతు ఎండిపోతుంది. తాగడానికి ఇంకా అనుమతి లేకపోతే తడిగుడ్డతో పెదాలు అద్దండి, అంతకు మించి మీ సొంత తెలివితో నీళ్లు పోయకండి. నొప్పి ఉంటే చెప్పమనండి. నొప్పిని ఓర్చుకుంటే గట్టిగా దగ్గలేరు, లోతుగా ఊపిరి తీయలేరు, కఫం పేరుకుంటుంది. కింద దుప్పటి తడిసి ఉంటే వెంటనే మార్చండి. తడి గుడ్డ మీద పడుకున్న మనిషికి పైన ఎన్ని కప్పినా చలి పోదు. ఇంకో సంగతి, చూడ్డానికి వచ్చే బంధువులు. గండికోట నుంచి ఆటో మాట్లాడుకుని పదిమంది వస్తారు. మంచం చుట్టూ కూర్చుని ఊరి సంగతులన్నీ చెప్తారు. అభిమానం కాదనలేం. కానీ మొదటి రోజు రోగికి కావలసింది నిద్ర. ఇద్దరు చాలు.

ఇక బాలింతల సంగతి. మనవాళ్లు బాలింతకు చెవుల్లో దూది పెడతారు, తలకు గుడ్డ కడతారు, కాళ్లకు మేజోళ్లు తొడుగుతారు. చదువుకున్న పిల్లలు దీన్ని చూసి ఎగతాళి చేస్తుంటారు. నేను చెయ్యను. సిజేరియన్ అయిన తల్లికి మొదటి గంటల్లో తలా పాదాలూ కప్పి ఉంచడం సరైన పనే. మన ముసలమ్మలు సగం నిజం ముందే పట్టుకున్నారు. మిగతా సగం మాత్రం తప్పు. మంచినీళ్లు తాగనివ్వకపోవడం, గాలి ఆడకుండా కిటికీలు బిగించడం, ఎండాకాలంలో చెమటలు కారేలా కప్పి ఉంచడం, ఇవి మానెయ్యాలి. పుట్టిన బిడ్డను పొడిగుడ్డతో తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పితే చాలు. తల్లి ఒంటికంటే మంచి వెచ్చదనం ఇచ్చే యంత్రం ఇంకా రాలేదు.

చెమట మాట వచ్చింది కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. వణుకు తగ్గి, ఒళ్లు వెచ్చబడ్డాక దుప్పటి తియ్యండి. ఏసీ లేని వార్డు, బయట 44 డిగ్రీలు, అయినా కంబళి కప్పి ఉంచడం శిక్ష. మొదటి కొన్ని గంటల కథ వేరు, మర్నాటి కథ వేరు. మర్నాడు ఫ్యాను కావాలంటే వెయ్యండి. రోగిని అడగండి, రోగి చెప్పిందే లెక్క.

ఇంతసేపూ చలి, వణుకు అని ఒకే గాటన కట్టి చెప్పాను. కానీ అన్ని వణుకులూ ఒకటి కావు. రెండు వణుకుల గురించి విడిగా చెప్పి ముగిస్తాను. రక్తం ఎక్కిస్తున్నప్పుడు ఉన్నట్టుండి చలి వచ్చి వణికినా, ఒళ్లు దద్దుర్లు పొక్కినా, నడుము నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, దుప్పటి కోసం వెతకకండి. ఆ క్షణమే సిస్టర్‌ను పిలవండి. రక్తం పడకపోయి ఉండొచ్చు. వాళ్లు వెంటనే ఆపి చూస్తారు. రాత్రి రెండు గంటలైనా సరే, సిస్టర్ విసుక్కుంటుందని వెనకాడకండి.

రెండోది ఇంటికొచ్చాక వచ్చే చలిజ్వరం. డిశ్చార్జి అయ్యి గండికోటకో, పెద్దపసుపులకో, మైలవరానికో చేరుకున్నారు. కొద్ది రోజులకు చలి పెట్టి జ్వరం వచ్చింది, గాయం ఎర్రబడింది, చీమో నీరో కారుతోంది, చుట్టూ వేడిగా ఉంది. అప్పుడు ఇది మామూలు చలేలే అని కప్పుకుని పడుకోకండి. ఊళ్లో దొరికే మాత్రతో జ్వరం అణచిపెట్టి కాలం గడపకండి. డిశ్చార్జి కాగితం తీసుకుని ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తిరిగి వెళ్లండి. అంత దూరం పోలేకపోతే జమ్మలమడుగులోనైనా చూపించండి. మనిషి మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా ఆడుతున్నా 108కి ఫోన్ చెయ్యండి. అది డబ్బులు తీసుకోని బండి, రాత్రీపగలూ వస్తుంది.